లేఖనమున సంబోధ్యౌచిత్యము

వ్యాసమైనను విజ్ఞాపనమైనను వ్రాయఁబూనిన విద్యార్థికి మన పాఠశాలలలో మొదట నేర్పునది ఉపక్రమము, విషయము, ఉపసంహారము అను మూఁడు భాగముల విభాగము. తరువాత సంబోధనపదముల పట్టిక. ఎవరికి వ్రాయుచున్నాఁడో యాతనికి ముందుగాఁ దెలిసిన దేమి, తెలియని దేమి, చదివిన పిమ్మట నాతఁడు చేయవలసిన దేమి యను విచారము మాత్రము కానరాదు. ఈ లోపము చిన్నది కాదు. నెల్లూరు మండలమునకుఁ బడమట నున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వానను, చెఱువులను నమ్ముకొన్న మెట్టసీమలు. అచ్చట చెఱువునకు గండి పడినపుడు రైతు వ్రాయు విజ్ఞాపనము ఫలించుటయు ఫలింపకుండుటయుఁ గొంతవఱకు దాని వాక్యములపై నాధారపడును. సగము పుట స్తుతికే వ్యయమై, చెఱువు పేరును గండి పడిన దినమును లేని విజ్ఞాపనము వ్యాకరణశుద్ధమైనను వ్యర్థమే.

ఈ సీమయందే పూర్వ మీ విషయమును జక్కఁగా నెఱిఁగిన లేఖకు లుండిరి. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలసెట్టి గారలు నెల్లూరు మండల శాసనములను మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిరి. అందు ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనములును గలవు. ఇట్టి శిలాశాసనముల రీతి సామాన్యముగా నొక్కటియే: శకవర్షము, సంవత్సరనామము, తిథి, దాత, ప్రతిగ్రహీత, ఇచ్చిన భూమి, తుదకు ధర్మము చెఱిచినవానికి శాపము. విశేషణములు లేకపోలేదు, కాని కాలము, కర్త, వస్తువు అను మూఁటిని అవి మ్రింగివేయవు. అక్షరము రానివాని నిమిత్తము పలుచోట్ల ఱాతి పైభాగమున సూర్యచంద్రులను జెక్కిరి. ఆ బొమ్మయు లేఖనములోని భాగమే.

విజయనగరప్రభువుల తామ్రశాసనములయం దీ మర్మ మింకను స్పష్టము. వంశవర్ణనము సంస్కృతశ్లోకములలో నందినాగరిలిపిలో నడచును. అది పండితులకు, రాజసభలకు. పొలిమేరలను నిర్దేశించు చోటికి వచ్చునప్పటికిఁ బెక్కింట దేశభాష ప్రవేశించును. వల్మీకమన్నను గరణమునకుఁ దెలియకపోదు గాని, పుట్ట యన్నచో వివాదము పుట్టదు. తుదను 'శ్రీవిరూపాక్ష' యను రాజహస్తాక్షరము కన్నడలిపిలో నుండును. ఒక్క శాసనమున ముగ్గురు చదువరులు; ఎవరి భాగము వారికి. దీనిని భాషాసంకరమని నిందించు విమర్శకుఁడు శాసనప్రయోజనమును మఱచినవాఁడు.

లేఖకుఁడు సంబోధ్యుని స్థానము, వయస్సు, శ్రుతము, శీలము, దేశము, కాలము మున్నగువానిని బరిశీలించి వ్రాయవలెనని కౌటిల్యుఁడు శాసనాధికారమునఁ జెప్పియున్నాఁడు. జాతికులములను గూడ నాతఁడు లెక్కించెను. అవి నేఁడు విడువఁదగినవి, తక్కినవి విడువరానివి. 1909లో శ్యామశాస్త్రిగారు మైసూరునం దర్థశాస్త్రమును బ్రకటించిన పిదప దానిలోని రాజనీతిని జర్చించినవారు పెక్కండ్రు. ఈ లేఖనప్రకరణమును దెలుఁగు పాఠ్యగ్రంథకర్తలు పట్టించుకొనినట్లు కానరాదు. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అను లేఖగుణములలో మొదటిది అర్థక్రమము. అనఁగాఁ బ్రధానవిషయమును ముందుంచుట. మన విజ్ఞాపనములలో నది కడపటి పంక్తిలో నుండును.

వైయాకరణులు శబ్దసాధుత్వముతోనే తృప్తిపడుదురని యొక యపవాదము కలదు. అది శాస్త్రదోషము కాదు. పాణిని లిఙ్‌ప్రత్యయమునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అని యాఱర్థములు చెప్పెను. విధి భృత్యాదులను నియోగించుట. నిమంత్రణము త్రోసిపుచ్చరాని పిలుపు; శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని బిలుచుట వంటిది. ఆమంత్రణమున వచ్చుట రాకుండుట పిలువఁబడినవాని యిష్టము. అధీష్టము సత్కారపూర్వకమైన నియోగము. బాలునికిఁ జదువు చెప్పుఁడని యాచార్యునిఁ గోరుట. ప్రత్యయ మొక్కటియే, సంబంధమును బట్టి యర్థము మాఱును. తెలుఁగున 'వలయును' అట్టిదే. "గండి పూడ్పింపవలయును" అని యధికారి తన క్రిందివానికి వ్రాసినచో విధి. రైతు అధికారికి వ్రాసినచోఁ బ్రార్థనము. ఆ భేదమును జూపుటకు "అని ప్రార్థించుచున్నాను" అను నొక్క మాట చాలును. అంతకు మించి 'దాసానుదాసుఁడు' మొదలైనవి చేర్చుట వినయము కాదు. హక్కును భిక్షగా మార్చుట.

కావ్యములయందును ఉదయగిరి యీ యౌచిత్యమునకు సాక్షి. దూబగుంట నారాయణకవి పంచతంత్రమును ఉదయగిరి నేలిన బసవభూపాలునకు నంకితము చేసెను. రాజపుత్రులకై పుట్టిన కథలు రాజునే చేరినవి. నంది మల్లయ, ఘంట సింగయలు గంగయమంత్రి కిచ్చిన ప్రబోధచంద్రోదయము సంస్కృతమున నాటకము, తెలుఁగునఁ గావ్యమైనది. ప్రేక్షకుఁడు శ్రోతగా మాఱినపుడు రూపము మాఱవలసివచ్చెను.

1911 ప్రాంతమున మద్రాసు రాజధానిలో స్కూలుఫైనలు తెలుఁగువ్యాసము గ్రాంథికమున నుండవలెనా వ్యావహారికమున నుండవలెనా యను వివాదము చెలరేఁగెను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1913లో వ్యావహారికపక్షమునను, జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునను బ్రకటనలు చేసిరి. 1914లో గురజాడ అప్పారావుగా రసమ్మతిపత్రమును సమర్పించిరి. ఆ వాదములు సాధకబాధకములతో నిండిన గొప్ప రచనలు. చిత్ర మేమన, తెలుఁగు నెట్లు వ్రాయవలెనని వాదించిన యీ మూఁడు రచనలును ఇంగ్లీషులో నున్నవి. నిర్ణేతలు విశ్వవిద్యాలయమువారు, ప్రభుత్వమువారు. వారు చదువు భాష యది. సంబోధ్యునిఁ జూచి భాష నెన్నుకొనుటలో నుభయపక్షములకు భేదము లేదు. విద్యార్థి యెవరికి వ్రాయుచున్నాఁడను ప్రశ్న మాత్రము ఆ గొడవలో వెనుకఁబడెను. పరీక్షకునికై వ్రాయుటయే వ్యాస మను భావము నాఁటికిని నేఁటికిని దప్పలేదు.

ఆత్మకూరి విద్యార్థికి ఒక్క విషయము నిచ్చి ముగ్గురికి వ్రాయుమనవచ్చును. చెఱువు తెగినది. చెన్నపురిలోని మేనమామకు వ్రాయునపుడు మొదటి వాక్యమున నింటివారందఱు క్షేమమని యుండవలెను. రెండవదానఁ బశువుల మాట. పత్రికకు వ్యాసము వ్రాయునపుడు ఆ కట్ట యెన్నాళ్లుగా మరమ్మతు లేక యున్నదో, ఎవరి పైరు పోయినదో చెప్పవలెను. ఆ చెఱువు నెఱుఁగని చదువరికి అది యెచ్చట నున్నదో కూడఁ జెప్పవలెను. ఇంజనీరునకు వ్రాయునపుడు తూమునకు ఏ దిక్కున గండి పడినది, దాని పొడవెంత, ఆయకట్టు ఎన్ని యెకరములు, కట్టపై బండి పోవునా పోదా.