తేమతో పాటు ఏం పోయింది?

విశాఖలో వానాకాలం గాలి కొలవాలంటే ముందు నీళ్లతోనే పేచీ. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున లీటరు గాలిలో దాదాపు 24 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 2009 నాటి మన జాతీయ ప్రమాణాల ప్రకారం బెంజీన్ ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే లీటరుకు 5 నానోగ్రాములు. ఒక పాలు బెంజీన్‌ను పట్టుకోవడానికి దాదాపు 50 లక్షల పాళ్ల నీటిని వదిలించుకోవాలన్నమాట.

వదిలించుకోకపోతే పదార్థాలను పట్టి ఉంచడానికి సున్నాకు 30 డిగ్రీలు దిగువన పనిచేసే ట్రాప్‌లో మంచు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గ్రాఫులో ఒక్కో పదార్థాన్ని చూపే పీకులు రావలసిన వేళకు రావు.

అందుకని చాలామంది నాఫియాన్ గొట్టం పెడతారు. లోపల నమూనా గాలి, బయట పొడి గాలి. నీరు గొట్టం గోడలోంచి బయటికి వచ్చేస్తుంది. బెంజీన్, టోలీన్, జైలీన్‌లకు ఏ ఇబ్బందీ లేదు, పెట్రోలు బంకు దగ్గర నేనూ అదే వాడమంటాను. కానీ మెథనాల్, ఎసిటోన్ లాంటివి నీటి వెంటే జారిపోతాయి. మందుల తయారీలో ఇవి రోజూ వాడే ద్రావకాలు. పరవాడ ఫార్మా సిటీ లాంటి చోట ఈ గొట్టం పెట్టి కొలిచి, రిపోర్టులో ఎసిటోన్ సున్నా అని రాస్తే, ఆ సున్నా గాలిది కాకపోవచ్చు, గొట్టానిది కావచ్చు. దాన్ని నమ్మి ఊపిరి పీల్చే ఊళ్లున్నాయి. తేమ ఎలా తీశారో రాయని రిపోర్టును నేను సగం రిపోర్టుగానే చూస్తాను.

పదార్థాలను పట్టి ఉంచే పొడి నింపిన ట్యూబుల్లో పట్టిన నమూనాకు ఓపిక కావాలి. పట్టిన పదార్థాలను విడిపించడానికి వేడి చేయకముందే, గాలి లాగిన దిశలోనే, పొడి నైట్రోజన్‌ను కాసేపు పంపుతాం. మధ్యమధ్యలో ట్యూబును తూకం వేస్తాం. తగ్గిన బరువంతా దాదాపు నీరే. తూకం నిలకడకు రాగానే ఆపేయాలి. ఇంకాస్త ఆరనిద్దాం అనుకుంటే తేలికపాటి పదార్థాలు ట్యూబు అవతలి కొసదాకా జరిగి బయటపడతాయి.

స్టీలు క్యానిస్టర్ల సంగతి వేరు. అక్కడ పూర్తిగా పొడిగా ఉండటమే కీడు. తేమ బొత్తిగా లేకపోతే కొన్ని పదార్థాలు లోపలి గోడకు అతుక్కుపోతాయి. కాస్త నీరుంటే అదే ముందుగా గోడమీది ఆ చోట్లను ఆక్రమించి వాటిని అతుక్కోనివ్వదు. నీరు మరీ ఎక్కువై చుక్కలు కడితే ఆల్కహాళ్లు అందులో కరిగిపోతాయి.

అందుకే యంత్రాన్ని సరిచూసే ప్రామాణిక వాయువును కూడా సిలిండర్‌లోంచి వచ్చినట్టే పొడిగా పంపకూడదు. ఊరి గాలికి ఎంత తేమ ఉందో దానికీ అంత పట్టించి, తెలిసిన మోతాదు ఎసిటోన్ కలిపి, అదే గొట్టం గుండా పంపాలి. అవతల ఎంత చేరిందో చూశాకే నమూనా ముట్టుకోవాలి.