సున్నపు గీత

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు కాఫీ కూడా తాగకుండా ఒక గుడ్డసంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పెట్టిన చప్పుడుకే బరువు తెలిసింది. విప్పితే నల్లగా నిగనిగలాడే అలెన్ బోల్టులు, 14 మిల్లీమీటర్లవి, తలల మీద 12.9 అని అచ్చు.

"మావయ్యా, కంపెనీ వేసిన బోల్టులు చాలవట. సస్పెన్షన్‌వన్నీ తీయించేసి ఇవి వేయిద్దామనుకుంటున్నాను. వంజంగి కొండెక్కి వచ్చినప్పటి నుంచీ బండి ముందు కింద టక్ టక్ మంటోంది" అన్నాడు.

నాకు మండింది. వాడి మీద కాదు, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వెతక్కముందే సామాను కొనిపించే అలవాటు మీద. ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా పట్టుదల తెలుసు: టార్క్ రెంచి లేని షెడ్డులోకి నా బండి వెళ్ళదు.

వాణ్ణి కూర్చోబెట్టి ముందు ఆ అంకెల సంగతి చెప్పాను. 8.8 అంటే, చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు వరకూ బోల్టు తెగదు. అందులో 80 శాతం దాటితే మాత్రం సాగిపోయి మళ్ళీ వెనక్కి రాదు. 10.9కి అవి 1000, 90 శాతం. 12.9కి 1200, 90 శాతం. అంకెల్లో చూస్తే వాడు తెచ్చిందే గొప్పది. కానీ సస్పెన్షన్ బోల్టు పని అడ్డంగా నిలబడి దెబ్బలు కాయడం కాదు, నొక్కిపట్టడం. బ్రాకెట్‌కి రెండు చెవులుంటాయి. వాటి మధ్యన బుష్షు, బుష్షు లోపల ఉక్కు గొట్టం. బోల్టు బిగిస్తే అది స్ప్రింగులా రవ్వంత సాగి, ఆ రెండు చెవుల్నీ గొట్టం మీదికి అదుముతుంది. 14 మిల్లీమీటర్ల 10.9 బోల్టు సరిగ్గా బిగిస్తే ఆ అదుము దాదాపు 7 టన్నులు. అంత పట్టు ఉన్నంతసేపూ గొట్టం జారదు, జారనంతసేపూ బోల్టుకి అడ్డదెబ్బ తగలదు. పట్టు సడలిందా, గుంట గుంటకీ గొట్టం సుత్తిలా కొడుతుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. 12.9 తెచ్చి పాత బిగింపే బిగిస్తే బోల్టు మారుతుంది గానీ పట్టు మారదు.

పైగా వాడు తెచ్చిన వాటికి తల కిందినుంచి చివరిదాకా మరలే. నున్నటి ఒళ్ళు కూర్చోవలసిన చోట మరలు కూర్చుంటే చెవిని ఆకురాయిలా అరగదీస్తాయి. అంత గట్టి ఉక్కుకి కరెంటు పూత వేస్తే లోపలికి హైడ్రోజన్ చేరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో పుటుక్కున విరిగే ప్రమాదముంది. పూత లేకపోతే మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు.

ఇది చెబుతుంటే నర్సీపట్నం మేస్త్రి గుర్తొచ్చాడు.

మా నాన్న చింతపల్లి, నర్సీపట్నం మధ్య సర్వీసు జీపు నడిపేవాడు. ముందూ వెనకా కమాన్ కట్టలే. లంబసింగి ఘాటీ దిగేటప్పుడు వెనక బంపరు మీద కూడా మనుషులు నిలబడేవాళ్ళు. వారానికోసారి జీపు మేస్త్రి షెడ్డుకి వెళ్ళేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. మేస్త్రి పానా పట్టుకునే ముందు చుట్టుపక్కల ఆడుకుంటున్న పిల్లల్ని కేకేసేవాడు: "ఒరే గుంటల్లారా, ఎక్కండ్రా బండి!" మేం ఆరేడుగురం ఎక్కేవాళ్ళం. రెండు బియ్యం బస్తాలు కూడా వేయించేవాడు. జీపు కిందికి కుంగాక గోనెపట్టా పరుచుకుని అడుక్కి దూరేవాడు. ఎందుకలా అని నాన్న ఒకసారి అడిగితే, "ఖాళీ బండికి బిగిస్తే మనుషులెక్కగానే రబ్బరు మెలి తిరిగిపోద్ది బాబూ. బండి ఎలా నిలబడి పనిచేస్తాదో అలా నిలబెట్టే బిగించాల" అన్నాడు. ఈనాటి సర్వీసు మాన్యువళ్ళు రబ్బరు బుష్షుల గురించి చెప్పేదీ అదే: చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగించేస్తే బుష్షు ఎప్పుడూ మెలిలోనే ఉండి తొందరగా చిరుగుతుంది.

బిగించడం అయ్యాక మేస్త్రి కిళ్ళీ డబ్బా తీసేవాడు. చూపుడువేలి కొసకి తడి సున్నం అంటించుకుని నట్టు మీదినుంచి బ్రాకెట్ మీదికి ఒక్క గీత. నల్లటి గ్రీజు మధ్య తెల్లగా వెలిగేది. మళ్ళీ వారం జీపు రాగానే పానా జోలికి పోకుండా ముందు ఆ గీతలే చూసేవాడు. తిన్నగా ఉంటే తడిమి వదిలేసేవాడు. ఒకసారి ఒక గీత విరిగింది. ఇంతకన్నా గట్టి బోల్టు వేసెయ్యమని నాన్న అడిగాడు. "బోల్టు తెగితే ఇంకోటి ఏసుకుందుం. చెవి చిరిగితే ఏటి ఏసుకుంటాం?" అని, అదే రకం కొత్త బోల్టు వేశాడు.

కంపెనీ బోల్టుల్ని కదపొద్దని ఈ వారం రాసేద్దామని అప్పటికే నిశ్చయించుకున్నాను. తర్వాత బండి కిందికి దూరాను.

మేనల్లుణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, చక్రాలు నేల మీదే ఉంచి, కొంచెం ఎడమకీ కొంచెం కుడికీ తిప్పుతూ ఉండమన్నాను. ముందు ఇరుసు పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కట్టిపట్టే అడ్డకడ్డీ, మెకానిక్కులు ట్రాక్ బార్ అంటారు, దాని ఛాసిస్ వైపు కీలు మీద వేలు పెట్టాను. తిప్పినప్పుడల్లా వేలికి చిటుక్కుమని తగిలింది. బోల్టు ఊడదీస్తే నున్నటి ఒంటి మీద మెరిసే మెట్టు. గోరు పెడితే ఆగింది. రంధ్రం అడ్డంగా 14.6 మిల్లీమీటర్లు.

దాన్ని మళ్ళీ అదే రంధ్రంలో ఎలా పెట్టమంటాను?

అమెరికాలో జీప్ రాంగ్లర్ జేకే యజమానులు చేసే పని అప్పుడు గుర్తొచ్చింది. ఆ బండికి ట్రాక్ బార్ బోల్టు 14 మిల్లీమీటర్లు, రంధ్రం దానికన్నా కాస్త వదులు. అందుకని రంధ్రాన్ని తొలిచి 9/16 అంగుళాల బోల్టు, అంటే 14.29 మిల్లీమీటర్లది, ఇమిడేలా వేస్తారు. స్టీరింగు చేతుల్లోంచి ఎగిరిపడేంతగా ముందు చక్రాలు ఊగిపోయే డెత్ వాబుల్‌కి ఆ వదులు ఒక కారణం. ఇన్నాళ్ళూ అది వట్టి వ్యామోహమనుకున్నాను. నాదే పొరపాటు. అక్కడ వాళ్ళు మార్చేది బోల్టు గట్టిదనాన్ని కాదు, ఇమిడికని.

మా వాడి బండికి రంధ్రం తొలవలేదు. కొలతకి తొలిచిన మందపాటి వాషర్లని చెవులకి వెల్డింగ్ చేయించాం. కంపెనీ కొలతదే, అదే గ్రేడుది, నున్నటి ఒళ్ళున్న కొత్త బోల్టూ కొత్త లాక్‌నట్టూ వేశాం. వీధిలో నలుగురు పిల్లల్ని ఎక్కించి, మాన్యువల్ చెప్పిన అంకెకి టార్క్ రెంచితో బిగించాం. కదపొద్దని రాయబోయిన నేనే ఇప్పుడు మార్చమంటున్నాను: కొండలెక్కే బండికి ఆ కీళ్ళు ఊడదీసిన ప్రతిసారీ బోల్టు కొత్తది వేయండి. 12.9 అక్కర్లేదు.

ఆఖర్న తెల్ల పెయింటుతో గీత గీశాను. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రెంచి పెట్టి చూడాలి. నిన్నటికి 240 అయ్యాయి. గీత తిన్నగానే ఉంది.