గుమాస్తా గది: యూరియా హీప్ పాత్ర – ఒక పరిశీలన

చార్లెస్ డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ (1849–50) నవలలో కాంటర్‌బరీ న్యాయవాది విక్‌ఫీల్డ్ ఇల్లే ఆయన కార్యాలయం. గుమాస్తా యూరియా హీప్ అందులో భాగస్వామి అవుతాడు. తల్లితోసహా అక్కడే మకాం పెట్టి, డేవిడ్ ఒకప్పుడు పడుకున్న గదిలోనే పడుకుంటాడు. యజమాని తన ఇంట్లోనే పరాధీనుడవుతాడు.

హీప్ మోసగాడన్నది నిర్వివాదం. కానీ డేవిడ్ షార్ట్‌హ్యాండ్ నేర్వడాన్ని కృషిగా చూపిన కథనమే, హీప్ రాత్రివేళ న్యాయశాస్త్రం చదవడాన్ని జుగుప్సతో చూపుతుంది. పుటపై అతని వేలు నత్తలా తడిజాడ విడుస్తుంది. అప్పటికి నేరమింకా బయటపడలేదు. కథకుడు డేవిడే కదా అన్న సమాధానం చాలదు. ధర్మపాఠశాల తనకు నేర్పినది అణకువేనని హీప్ చెప్పే మాటకు నవలలో ఎవరూ బదులివ్వరు.

హీప్ పాత గదిలో తర్వాతి గుమాస్తా మికాబర్. అద్దెకున్నదీ హీప్ పాత ఇంట్లోనే. హీప్ గుట్టు బయటపెట్టేదీ అతడే. ఆ గది ఈ రెండవ గుమాస్తాను ఏం చేస్తుందో చూడవలసిన చోట డికెన్స్ అతణ్ణి ఆస్ట్రేలియాకు పంపేస్తాడు.