‘ఫ్రాజైల్’ పదార్థ విమర్శము

ఆంగ్లమునఁ గల ‘ఫ్రాజైల్’ అను విశేషణమునకుఁ ‘బెళుసు’ అని యర్థము చెప్పుట పాఠశాలలయందుఁ బరిపాటియైనది. ఈ యర్థము కొంతవఱకే చెల్లును. పోతయినుము పెళుసు, సమ్మెటదెబ్బకు వంగక విఱుగును. దానిని ఫ్రాజైల్ అనుట యరుదు. సీతాకోకచిలుక ఱెక్క ఫ్రాజైల్. దానిఁ దెలుఁగువాఁడు పెళుసనఁడు. వంగక విఱుగు గుణమునకు నాంగ్లమున ‘బ్రిటిల్’ అను వేఱుమాట యుండనే యున్నది. పైఁగాఁ దెలుఁగునఁ బెళుసు కాఠిన్యమునుగూడఁ దెలుపును. పెళుసుగా మాటలాడువానియెడ నెవ్వరికి జాలి కలుగును? స్వల్పాఘాతమునకే చెడునది, కావున మెల్లఁగాఁ బట్టుకొనఁదగినది యనుటయే ఫ్రాజైల్ పదభావము.

దీనికి మూలము ‘విఱుచుట’ యను నర్థముగల లాటిన్ ధాతువు. ఆ మూలమే ఫ్రెంచిమార్గమున వచ్చి ‘ఫ్రెయిల్’ అయి, ముదుసలి దేహమునందును మనోదౌర్బల్యమునందును రూఢమయ్యెను. సంస్కృతమున దీనికి సరిజోడు భంగురము. భంజధాతువుపై ఘురచ్ ప్రత్యయము వచ్చి యీ రూపము సిద్ధించును. భిద ఛిద ధాతువులపైఁ గురచ్ వచ్చి భిదురము, ఛిదురము నగును. ఇవి తచ్ఛీలాద్యధికారములోనివి, అనఁగా స్వభావమును దెలుపునవి. కాశికాకారులు వీనిని గర్మకర్తయందుఁ జెప్పిరి: కఱ్ఱ తనంతఁదానే విఱుగును, విఱుచువాఁడు కనఁబడఁడు. భేద మిచ్చటనే యున్నది. భంగురము వస్తువు గుణమును మాత్రమే చెప్పును. పెట్టెపై వ్రాసిన ఫ్రాజైల్ మోయువానిని హెచ్చరించును. దీనికిఁ దోడు వైరాగ్యపరులు క్షణశబ్దమును జేర్చి భంగురమును దేహసంపదలకుఁ గట్టిపెట్టిరి. గాజుసామానుపై నా మాట వ్రాసినచోఁ గూలివాఁడు జాగ్రత్తపడుటకు మాఱు వేదాంతము వినును.

నాజూకు పారసీకమునుండి యుర్దూద్వారమున వచ్చినది. అచ్చట నది సౌకుమార్యమునకును, సంకటస్థితికిని జెల్లును. తెలుఁగున సొగసే మిగిలినది.

2016లో మండలకేంద్రమైన పెద్దవంగరవంటి పల్లెల వాడుక నరసినచో మేలైన దారి దొరకును. అచ్చటఁ గుండ పగులును, కఱ్ఱ విఱుగును, త్రాడు తెగును, అద్దము చిట్లును, పండు చితుకును. చెడు తీరునుబట్టి క్రియ మాఱును. ఒక్క విశేషణముతో నన్నిటిని గప్పు నలవాటు తెలుఁగునకు లేదు. జానుతెనుఁగును మెచ్చిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తి యిచ్చటికి దవ్వు గాదు. కావున ననువాదకుఁడు పింగాణిని ‘ఇట్టె పగులునది’ యనియు, పూవును ‘సుకుమారము’ అనియు, సంధిని ‘నిలుకడ లేనిది’ యనియు వ్రాయవలెను. భావవాచకమైన ఫ్రాజిలిటీకి శాస్త్రగ్రంథములయందు భంగురత్వ ముండవచ్చును. పెట్టెమీఁద మాత్రము ‘పగులును, మెల్లఁగా దింపుఁడు’ అనుట చాలును.