సంజాయిషీగా ఆత్మకథ: న్యూమన్ ‘అపోలోజియా’లో కతోలిక విశ్వాస సమర్థన

జాన్ హెన్రీ న్యూమన్ (1801–1890) 1864లో వెలువరించిన ‘అపోలోజియా ప్రో వీటా సువా’ పేరును తెలుగులోకి తేవడంలోనే ఒక చిక్కు ఉంది. ‘అపోలోజియా’ అన్న గ్రీకు మూలపదానికి నేటి ‘అపాలజీ’ వాసన అంటించి ‘క్షమాపణ’ అని రాస్తే గ్రంథ స్వభావమే తలకిందులవుతుంది. ‘సమర్థన’ అనవచ్చు, నిఘంటువు ఒప్పుకుంటుంది. అయితే పుస్తకం చదువుతున్నంతసేపూ తోచే మాట ‘సంజాయిషీ’. ఒకరు అభియోగం మోపుతారు. గడువులోగా జవాబు చెప్పుకోవాలి. చెప్పేవాడి నడవడిక మొత్తం ఆ కాగితం మీదికి వస్తుంది. ఆధునిక కాలంలో కతోలిక విశ్వాసాన్ని సమర్థించిన రచనల్లో దీనికున్న ప్రత్యేకత ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక మనిషి జీవితకథ ఒక మతసత్యానికి సాక్ష్యం కాగలదా, కాగలిగితే ఎంతవరకు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

వివాదం వివరాలు క్లుప్తంగా చాలు. 1864 జనవరి ‘మాక్మిలన్స్ మ్యాగజైన్’లో జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్ రాసిన ఇంగ్లండు చరిత్రపై ‘సి. కె.’ అనే పొడి అక్షరాలతో ఒక సమీక్ష వచ్చింది. రాసినవాడు చార్లెస్ కింగ్స్లీ: ఆంగ్లికన్ మతగురువు, నవలాకారుడు, కేంబ్రిడ్జిలో ఆధునిక చరిత్ర ఆచార్యుడు. సత్యాన్ని సత్యం కోసమే పాటించడం రోమన్ గురువర్గానికి ఎన్నడూ అలవాటు కాదనీ, కానక్కరలేదని న్యూమనే బోధించాడనీ అందులో ఒక మాట విసిరాడు. ఉత్తరాలు నడిచాయి, కరపత్రాలు వెలువడ్డాయి. ఏప్రిల్ 21 నుంచి జూన్ 2 వరకు వరుసగా ఏడు గురువారాలు న్యూమన్ జవాబు ఏడు భాగాలుగా అచ్చయింది. జూన్ 16న అనుబంధం వచ్చింది. అచ్చుకు అందించే తొందరలో ఒకసారి 22 గంటలు ఏకధాటిగా రాశాడంటారు. సమీక్షకు వచ్చిన పుస్తకం రాసిన ఫ్రూడ్, న్యూమన్‌కు ప్రాణమిత్రుడైన హరెల్ ఫ్రూడ్‌కు తమ్ముడు, కింగ్స్లీకి తోడల్లుడు. ఈ తగవులో బయటివాళ్లు తక్కువ.

మన శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షాన్ని నిలబెట్టి, ఒక్కొక్క అంశాన్నీ ఖండించి, సిద్ధాంతం చెప్పడం న్యూమన్‌కు చేతకాని పని కాదు. ఆయన ఆ బాట పట్టకపోవడానికి కారణం అభియోగంలోనే ఉంది. ‘ఈయన మాట నమ్మదగింది కాదు’ అన్నదే ఆరోపణ అయినప్పుడు ఆయన ఎంత చక్కటి వాదం చేస్తే అనుమానం అంత బలపడుతుంది. పూర్వపక్ష సిద్ధాంత పద్ధతి ఇరుపక్షాల మాటకూ మాటగా విలువ ఉన్నచోట మాత్రమే నడుస్తుంది. ప్రత్యర్థి నీళ్లు తోడుకునే బావిలోనే విషం కలిపాడని న్యూమన్ వాపోయింది అందుకే. మిగిలిన మార్గం ఒక్కటి: ఏ అభిప్రాయం ఏ ఏడాది, ఏ పుస్తకం చదువుతుండగా, ఎవరితో మాట్లాడుతుండగా కదిలిందో తేదీలవారీగా విప్పి చూపడం. అందుకే గ్రంథంలో అధ్యాయాలు సిద్ధాంతాల పేర్లతో లేవు. 1833 వరకు, 1839 వరకు, 1841 వరకు, 1845 వరకు అన్న కాలవిభజనతో నడుస్తాయి.

వీటిలో 1839 వేసవి ఘట్టం మీద కాస్త నిలవాలి. ఆంగ్లికన్ సంఘం రోముకూ ప్రొటెస్టెంటు మతానికీ నడుమ నిలిచిన మధ్యేమార్గమని న్యూమన్ అప్పటికి గట్టిగా నమ్మాడు. ఐదవ శతాబ్దపు ఏకస్వభావవాదుల చరిత్ర చదువుతుండగా ఆ పాత వివాదంలో తన ముఖం తనకే కనిపించింది. రోము నాడు ఎక్కడ నిలిచిందో నేడూ అక్కడే ఉంది. తాను నిలిచిన చోటు నాటి భిన్నమతస్థులది. ఆ కలత తగ్గకముందే వైజ్‌మన్ రాసిన వ్యాసం ఒకటి చేతికొచ్చింది. విశ్వవ్యాప్త సంఘం ఇచ్చిన తీర్పే స్థిరమని చెప్పే అగస్టీను లాటిన్ వాక్యం అందులో ఉంది. ఒక మిత్రుడు దాన్ని పదేపదే ఉచ్చరించడంతో అది న్యూమన్ చెవిలో మోగుతూ ఉండిపోయింది. ఇక్కడ తర్కం అనదగింది స్వల్పం. పోలిక ఒకటి, వాక్యం ఒకటి. అయినా ఆ తర్వాత ఆరేళ్లు ఆయన కదలలేదు. ఊపులో పడి దూకితే అది మోసమో నిజమో తెలియదని ఆగాడు. 1845 అక్టోబర్ 9న లిటిల్‌మోర్‌లో డొమినిక్ బార్బెరి చేతుల మీదుగా కతోలిక శ్రీసభలో చేరాడు. అబద్ధికుడు ఇంత నష్టపోతూ ఇంత ఆలస్యం చేయడు. కింగ్స్లీకి అసలైన జవాబు ఈ ఆరేళ్ల జాప్యమేనని నా అభిప్రాయం.

ఈ జాప్యం వెనుక ఒక జ్ఞానసిద్ధాంతం ఉంది. మతవిషయాల్లో నిశ్చయం ఒక్క తిరుగులేని రుజువు వల్ల రాదనీ, విడివిడిగా బలహీనమైన సంభావ్యతలు ఒకచోట కూడినప్పుడు వస్తుందనీ న్యూమన్ భావన. అదే ఏడాది ఒక లేఖలో దాన్ని పురులు పేనిన మోకుతో పోల్చాడు. 1870 నాటి ‘గ్రామర్ ఆఫ్ అసెంట్’లో ఇది పూర్తిరూపం దాల్చింది. చిక్కుకూ సందేహానికీ ఆయన గీసిన గీత కూడా ఇక్కడిదే. లెక్క తెగక విసుగెత్తిన విద్యార్థి దానికి జవాబే లేదని అనుకోడు; విశ్వాసికి ఎదురయ్యే చిక్కులు ఎన్ని ఉన్నా అవి వాటంతట అవే సందేహంగా మారవు.

దీనికి బలమైన ఆక్షేపణ బయటి నుంచి రానక్కరలేదు. న్యూమన్ సొంత తమ్ముడు ఫ్రాన్సిస్ విలియం న్యూమన్ 1850లోనే ‘ఫేజెస్ ఆఫ్ ఫెయిత్’ అనే ఆధ్యాత్మిక ఆత్మకథ రాశాడు. అదే ఇల్లు, అదే తల్లి, అదే ఆక్స్‌ఫర్డ్. అతడూ బైబిలు పట్టుకునే బయలుదేరాడు, బాగ్దాదు దాకా మతప్రచారానికి వెళ్లాడు. ఒక్కొక్క అంశాన్నీ నిజాయితీగా పరీక్షించుకుంటూ సంప్రదాయ క్రైస్తవం నుంచే బయటికి నడిచాడు. అతడి పురులు మరో మోకుగా పేనుకున్నాయి. జీవితకథే సాక్ష్యమైతే అన్నదమ్ములిద్దరి సాక్ష్యాల్లో దేన్ని స్వీకరించాలి? తన చిత్తశుద్ధిని చూపడమే తన పని, మతాన్ని నిరూపించడం కాదని న్యూమన్ పక్షాన చెప్పవచ్చు. మొదటి నాలుగు అధ్యాయాలకు ఆ జవాబు సరిపోతుంది.

ఐదవ అధ్యాయానికి సరిపోదు. కతోలికుడైన తర్వాత తన మతాభిప్రాయాలకు చెప్పుకోదగ్గ చరిత్రే లేదని ప్రకటించి, న్యూమన్ అక్కడ కథ ఆపి వాదం ఎత్తుకుంటాడు. కథకుడు తప్పుకుని న్యాయవాది నిలబడ్డాడని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. అయినా గ్రంథంలోకెల్లా ఆధునికమైన పుటలు ఇక్కడే ఉన్నాయి. డార్విన్ గ్రంథం వచ్చి ఐదేళ్లే అయింది. సృష్టిలోని అమరికను చూపి దేవుణ్ణి నిరూపించే వాదాన్ని న్యూమన్ ఆధారం చేసుకోలేదు. ఆయనకు దేవుడు మనస్సాక్షిలో నిశ్చయం. బయటి లోకమే ఆ నిశ్చయాన్ని కాదంటున్నట్టు కనిపిస్తుంది. చరిత్ర నిండా దుఃఖం, వైఫల్యం, దిక్కులేనితనం. మంచి వంశలక్షణాలున్న పిల్లవాడు ఊరూపేరూ చెప్పలేక వీధిలో కనబడితే అతని పుట్టుక వెనుక ఏదో దాగి ఉందని ఊహిస్తాం. మానవజాతి స్థితిని చూసి ఆయన జన్మపాపాన్ని అలాగే ఊహించాడు. లోకంలోని చెడును నాస్తికుడికి వదిలేయకుండా తన వాదానికే మొదటి మెట్టు చేసుకోవడం సాహసం. పరిణామవాదం ఈ సమర్థనను కుదపలేకపోవడానికీ కారణం అదే.

అక్కడి నుంచి శ్రీసభ నిర్దోష అధికారానికి వేసిన అడుగు మాత్రం అంత దృఢంగా లేదు. హద్దెరుగని మానవబుద్ధికి ఒక అడ్డుకట్ట కావాలనీ, ఆ అధికారం నెమ్మదిగా, పండితుల చర్చలు పండనిచ్చి, చివరికి గాని నోరు విప్పదనీ న్యూమన్ చిత్రించాడు. ఆ చిత్రం అచ్చయిన ఏడాదిలోనే, డిసెంబర్ 8న, తొమ్మిదవ పయస్ పోపు ఆధునిక భావాల ఖండనగా 80 అంశాల ‘సిలబస్’ను ప్రకటించాడు. ఓర్పుగల అధికారమని న్యూమన్ చెప్పింది ఉన్న స్థితి వర్ణనా, ఉండవలసిన స్థితి గురించిన విన్నపమా? రెండోదే అనిపిస్తుంది. 1870 వాటికన్ మహాసభ పోపు నిర్దోషత్వాన్ని నిర్వచించినప్పుడు ఆయనకు అభ్యంతరం సత్యం మీద లేదు, సమయం మీద ఉంది. 1875లో నార్ఫోక్ ప్రభువుకు రాసిన బహిరంగ లేఖలో ‘సిలబస్’కు తనంతటగా విశ్వాససిద్ధాంత ప్రతిపత్తి లేదని వాదించాడు, మనస్సాక్షికి అగ్రస్థానం ఇచ్చాడు. విధేయుడు అధికారానికి దాని హద్దులు గుర్తుచేయడం కూడా సమర్థనలో భాగమేనని ఆ లేఖ చూపుతుంది. దాన్ని పక్కన పెట్టుకోకుండా ఐదవ అధ్యాయం మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

పరిశోధకులకు పాఠం విషయంలో ఒక హెచ్చరిక. 1865 ముద్రణకు న్యూమన్ పేరు మార్చి ‘నా మతాభిప్రాయాల చరిత్ర’ అన్నాడు; కింగ్స్లీతో నేరుగా తలపడిన మొదటి రెండు భాగాలను తీసేసి ముందుమాట చేర్చాడు. తర్వాతి ముద్రణల్లో పాత పేరు తిరిగి వచ్చింది, ఆ పుటలు రాలేదు. నేడు ఎక్కువగా దొరికేది ఈ సవరించిన పాఠమే. అందులో కోపం తగ్గింది, దాంతోపాటు అభియోగం తీవ్రత కూడా మరుగున పడింది. 1864, 1865 పాఠాలనూ ఇద్దరి కరపత్రాలనూ కలిపి విల్ఫ్రిడ్ వార్డ్ పీఠికతో 1913లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన సంపుటం చేతిలో ఉంటే, ఏ వాక్యం ఎవరి మాటకు జవాబో పోల్చుకోవచ్చు.