కప్పు మైదా అంటే ఎంత?

కేకుల పుస్తకంలో ‘రెండు కప్పుల మైదా’ అని కనిపిస్తే ముందు ఆ పుస్తకం ఏ దేశానిదో చూస్తాను. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. టేబుల్ స్పూను అమెరికాలో 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. ఇక మన ఇళ్లలో కప్పంటే టీ కప్పే!

పోనీ, కప్పు ఒకటే అనుకుందాం. అయినా గొడవ తీరదు. అమెరికా కప్పును డబ్బాలోకి దింపి మైదా ముంచితే పిండి కిందికి అదుముకుంటుంది. దాన్ని కాటా మీద పెడితే 140, ఒక్కోసారి 150 గ్రాములు తూగుతుంది. అదే మైదాను ముందు గరిటెతో కదిపి, చెంచాతో వదులుగా కప్పులోకి వేసి, చాకు వెనక భాగంతో తలకొడితే దాదాపు 120. జల్లించాక కొలిస్తే ఇంకా తక్కువ. రెండు కప్పుల దగ్గరే 60 గ్రాముల దాకా తేడా వచ్చిందంటే కేకు గట్టిపడి, పైన పగలకుండా ఎలా ఉంటుంది? చేసినావిడ మాత్రం ‘నా చేతికి కేకు రాదు’ అనుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. తప్పు ఆ చేతిది కాదు, కొలత రాసిన తీరుది.

‘గుడ్డంత వెన్న’ అని రాసుకునే రోజుల్లో, 1896లో, బోస్టన్‌లో ఫ్యానీ ఫార్మర్ తన వంట పుస్తకంతో తలకొట్టిన కప్పుల్ని, చెంచాల్ని ఇంటింటికీ అలవాటు చేసింది. అప్పటికి అది గొప్ప మేలే. అమెరికా ఇళ్లు ఇప్పటికీ ఎక్కువగా ఆ దారినే నడుస్తున్నాయి. యూరప్ పుస్తకాలు మాత్రం గ్రాముల్లో రాస్తాయి. మన వీధి చివరి బేకరీలోనూ మైదా తూకమే.

మనం సోల, తవ్వ, మానికలతో తరాలపాటు కొలుచుకోలేదా అంటారు. కొలిచాం. బియ్యం గింజ అదిమినా పెద్దగా అణగదు. పైగా గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లంటే గ్లాసు ఏదైనా లెక్క తప్పదు. పులుసులో ఉప్పు చాలకపోతే మళ్లీ వేసుకుంటాం. ఓవెన్‌లోకి వెళ్లిన కేకులో ఏం సవరిస్తాం?

కాటా ఉంటే పనీ తగ్గుతుంది. గిన్నె పెట్టి, అంకె సున్నా చేసి మైదా, మళ్లీ సున్నా చేసి పంచదార. కడగాల్సిన కప్పులుండవు. అయితే బేకింగ్ సోడా, ఈస్ట్ లాంటివి రెండు మూడు గ్రాములే పడతాయి. ఇంటి కాటాలు చాలావరకు గ్రాము కంటే తక్కువ చూపించవు కనుక వాటికి చెంచానే నయం. ఉప్పుకి మాత్రం చెంచాను నమ్మకూడదు. చెంచాడు కళ్లుప్పు, చెంచాడు మెత్తటి ఉప్పు ఒకే బరువుండవు.

తెలుగులో కేకుల గురించి రాసేవాళ్లను కోరేది ఒక్కటే: కప్పుల పక్కనే గ్రాములు కూడా వేయండి. ‘ఒక స్టిక్ వెన్న’ అనకుండా 113 గ్రాములని రాయండి. ఇక్కడ వెన్న 100, 500 గ్రాముల ప్యాకెట్లలో దొరుకుతుంది. గుడ్లు కూడా పెంకు తీశాక ఎంత తూగాలో చెప్పండి, అన్ని ఊళ్ల గుడ్లూ ఒక సైజులో ఉండవు. ఇంట్లో చేసుకునేవాళ్లు కేకు బాగా కుదిరిన కొలతలతో మళ్లీ చేసేటప్పుడు ప్రతి కప్పునూ తూచి, ఆ అంకెను నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.