కొత్వాలు కొలువు, ఆడపిల్లల బడి

సురవరం ప్రతాపరెడ్డి అనగానే మనకు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' గుర్తొస్తుంది. 1949లో వచ్చిన ఆ పుస్తకం రాజుల కథలు పక్కనబెట్టి జనం తిండీ బట్టా, ఆటా పాటా పట్టించుకుంది. అంతకు పదేళ్ల ముందు, 1939లో, ఆయనే రాసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర గురించి మాత్రం మనం మాట్లాడుకునేది తక్కువ.

గద్వాల ప్రాంతపు ఇటికాలపాడు రచయిత, వనపర్తి ప్రాంతపు రాయణిపేటలో పుట్టిన పోలీసు అధికారి గురించి రాసిన పుస్తకమిది. వెంకటరామారెడ్డి 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాలు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. అదే మనిషి 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు, దాని నిర్వహణకు ప్రతాపరెడ్డిని పిలిపించుకున్నారు. అంటే 1926లో గోలకొండ పత్రిక స్థాపించి తెలుగువాళ్ల గోడు వినిపించిన సంపాదకుడికి నిజాం కొత్వాలే ఉపకారి! ఏడో నిజాం గద్దె మీద ఉండగా, కథానాయకుడు బతికుండగా, ఆ రుణం మోస్తూ రాసిన పుస్తకాన్ని అందులో ఉన్నదాని కోసం ఎంత చదవాలో, ఉండడానికి వీల్లేనిదాని కోసం కూడా అంతే చదవాలి.

నన్ను ఆపింది ఆడపిల్లల చదువు సంగతి. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల మొదలుపెట్టారు. ఉస్మానియాది ఉర్దూ మాధ్యమం. తెలుగు బడికి అక్కడ గుర్తింపు దొరకలేదు. పిల్లలు ఎక్కడో ఉన్న కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. ఆ బడికి అండగా నిలిచిన పెద్దల్లో కొత్వాలు ఒకరు. ప్రభువు విశ్వవిద్యాలయం కాదన్న బడికి ప్రభువు కొలువులోని మనిషి దన్ను!

దీన్ని ఔదార్యం అనేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇది ధర్మసంకటం. బడిని నిలబెట్టడం కొలువులో ఉంటూ చేయగలిగిన పని. ఆ బడిని బయట నిలబెట్టిన నిబంధన తప్పని బహిరంగంగా అనడానికి మాత్రం కొలువు అడ్డం. ఆయన మనస్సాక్షి ఆ రెంటి మధ్య దారి వెతుక్కుంది. ఆ దారి ఖర్చు మాత్రం పరాయి పరీక్షలకు కూర్చున్న అమ్మాయిలదే.

(స్వామి అంటే ఏలిక, మొగుడూ కూడా. స్వామిభక్తి గల ఉద్యోగి లోలోపల నలిగితే జీవిత చరిత్రకి ముడిసరుకవుతాడు. భార్య నలిగితే గుట్టు అంటారు.)

అందుకని కొత్వాలుని తీసిపారేయలేం. ఆయన అండ లేకపోతే ఆ బడికి మరింత కష్టమయ్యేది. కానీ జీవిత చరిత్ర అనే ప్రక్రియలో బాలికలు ఎప్పుడూ మేలు పొందినవాళ్లే, మాట్లాడేవాళ్లు కాదు. తెలంగాణ స్త్రీల గొంతు వినాలంటే 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దాకా రావాలి. అదీ సాయుధ పోరాటంలోకి వెళ్లినవాళ్లది.

నారాయణగూడలో బడికి మాడపాటి పేరుంది. 1954లో వచ్చిన మహిళా కళాశాలకు వెంకటరామారెడ్డి పేరుంది. కార్వే పరీక్షలకు కూర్చున్న మొదటి అమ్మాయిల పేర్ల కోసం నేనింకా వెతుకుతున్నాను.